పిచ్చుక విమానానికి నిచ్చెన

నేను ఒక నిచ్చెనను. గోడకు ఆనించే వెదురు నిచ్చెనను కాదు. నాలుగు చక్రాల మీద నిలబడి, మనుషులను విమానం తలుపు దాకా చేర్చే పద్దెనిమిది మెట్ల ఇనుప నిచ్చెనను. ఇలాంటివి తయారుచేసే పెద్ద కంపెనీలు వేరే ఉన్నాయట. నేను మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో, లారీలకు బాడీలు కట్టే ఖాసిం సాహెబ్ షెడ్డులో పుట్టాను. అలవాటు కొద్దీ ఆయన నా వెనక రేకు మీద ‘హారన్ కొట్టండి’ అని పసుపు రంగుతో రాయించాడు. గన్నవరం విమానాశ్రయంలో అది చూసి నవ్వి, తుడిపించేశారు.

నన్ను చేయించినవాడు చలసాని వీరభద్రం. ముప్పై ఏళ్ళు బస్సులు తిప్పిన మనిషి. బస్సు టిక్కెట్టు ధరకే విమానం ఎక్కిస్తానని ‘పిచ్చుక ఎయిర్‌వేస్’ పెట్టాడు. ఉన్నది ఒక్కటే విమానం, అదీ అద్దెది. సీటు వెనక్కి వాలదు. మంచినీళ్ళు కూడా కొనుక్కోవాలి. అయినా జనం వచ్చారు. పొలంలో నడుం ఎత్తి విమానాన్ని చూడడమే తప్ప ఎన్నడూ ఎక్కనివాళ్ళు, చెప్పులు చేత పట్టుకుని మరీ నా మెట్లెక్కారు.

“తొడుక్కోండమ్మా, ఇది గుడి కాదు” అని ఫిలోమినా రోజూ చెప్పేది. ఆమె వీరభద్రం బస్సాఫీసులో పదేళ్ళు టిక్కెట్లు రాసింది. ఇప్పుడు ప్రయాణికులను ఎక్కించి విమానాన్ని పంపే బాధ్యత ఆమెదే.

చవక టిక్కెట్ల విమానం గాలిలో ఉంటేనే దాని యజమాని బతుకుతాడు. నేల మీద నిలబడిన ప్రతి నిమిషం నష్టమే. నేల మీద ఉన్నంతసేపూ దాన్ని అంటిపెట్టుకుని ఉండేది నేను. అంటే ఎక్కించే మేలు ఎంత చేశానో, ఆపే కీడూ అంతే చేశాను.

విమానం అద్దెకిచ్చిన విదేశీ కంపెనీ ఒక షరతు పెట్టింది. ముప్పై రోజులు ఒక్క ప్రయాణం కూడా ఆలస్యం కాకుండా నడిపితే రెండో విమానం ఇస్తారు. ఒక్కటి తప్పినా ఉన్నది కూడా తీసుకుపోతారు. ఆ రోజు నుంచి ఫిలోమినా సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందు నా కమ్మీ మీద సుద్దముక్కతో ఒక గీత గీసేది. అలా ఇరవై ఏడు గీతలు పడ్డాయి.

ఇరవై ఎనిమిదో రోజు ఉదయం తిరుపతి విమానం. ఉయ్యూరు పక్క పల్లె నుంచి పొదుపు సంఘం ఆడవాళ్ళు పదకొండు మంది టిక్కెట్లు కొన్నారు. పదిమంది ఎక్కారు. వాళ్ళ లీడరు బసవమ్మ లోపలికి పోయినట్టే పోయి మళ్ళీ నా పై మెట్టు మీదికి వచ్చి నిలబడింది.

“నాంచారమ్మ ఏదే?”

“తనిఖీ కాడ ఆపేశారక్కా. కొబ్బరికాయ లోపలికి తేగూడదంట. మొక్కుకున్న కాయ పారెయ్యనని కూర్చుంది.”

“అయితే అది రాందే మేమూ కూర్చోం.”

ఫిలోమినా రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చింది. “అమ్మా, ఆరు నిమిషాల్లో బయలుదేరాలి. ఆమెని రేపటి దాంట్లో పంపిస్తాం.”

“రేపు అదొక్కతే ఏం పోద్ది? ఎర్రబస్సోడు కూడా చెయ్యెత్తితే ఆపుతాడు. ఇంత పెద్ద బండి పెట్టుకుని మీరాపలేరా?” అంది బసవమ్మ. వెనక ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు.

అప్పుడే వీరభద్రం వచ్చాడు. ఫిలోమినా గొంతు తగ్గించింది. “సార్, మీరు ఊఁ అనండి చాలు, ఆమెని లోపలికి పంపి నిచ్చెన లాగించేస్తా. తలుపేస్తే వాళ్ళే కూర్చుంటారు. ఇంకా మూడు రోజులే సార్.”

నన్ను తోసే కూలీలు ఇద్దరూ కింద నన్ను పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. జానెడు వెనక్కి జరిపినా చాలు, అంతా గట్టెక్కేది. నా అంతట నేను వేలెడు దూరం కూడా జరగలేను.

వీరభద్రం నా కమ్మీ మీద చెయ్యి వేశాడు. టీ కొట్టు దగ్గర ఆగిపోయిన వాడి కోసం ముప్పై ఏళ్ళు బస్సు ఆపించిన చెయ్యి అది.

“డబ్బు కట్టిన మనిషి గేటు దాకా వచ్చాక బండి తీయడం నాకు చేతకాదమ్మా.”

“ఇది బస్సు కాదు సార్!”

“తెలుసమ్మా. రెండు నిమిషాలు చూద్దాం.”

నాంచారమ్మ పదకొండు నిమిషాల తర్వాత వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఆయాసపడుతూ. గేటు బయటికి పోయి స్వామికి దణ్ణం పెట్టి, కాయ అక్కడే కొట్టేసి, మళ్ళీ తనిఖీ చేయించుకుని వచ్చిందట. కొంగు విప్పి ఒక ముక్క తీసి వీరభద్రం చేతిలో పెట్టింది.

“తిను నాయనా. నా కోసం ఆపావంట. నీ యాపారం పచ్చగుండాల.”

ఆయన తిన్నాడు. ఫిలోమినాకూ ఒక ముక్క ఇచ్చింది. ఆమె తినలేదు, కాదనలేదు. ఆ ముక్క పట్టుకునే కూలీలకు సైగ చేసింది. నేను వెనక్కి జరిగాను. ఈలోగా మా వంతు పోయింది. వేరే విమానాలు ముందు లేచాయి. మాది నలభై నిమిషాలు ఆలస్యమైంది.

ఆ సాయంత్రం నా కమ్మీ మీద గీత పడలేదు. కారణం వివరిస్తూ వీరభద్రం ఆ కంపెనీకి పెద్ద ఉత్తరం రాయించాడని కూలీలు చెప్పుకున్నారు. అందులో కొబ్బరికాయ సంగతి కూడా ఉందట. ఆ దేశంలో చదివినవాళ్ళకు ఏం అర్థమైందో తెలియదు. షరతు షరతేనని రెండు వాక్యాల్లో జవాబు వచ్చింది.

పది రోజుల తర్వాత విమానాన్ని తీసుకుపోవడానికి ఇద్దరు పైలట్లు వచ్చారు. వాళ్ళు ఎక్కాక వీరభద్రం కూడా నెమ్మదిగా ఎక్కి, పై మెట్టు మీద నిలబడి లోపలికి చూశాడు. నూట ఎనభై ఖాళీ సీట్లు.

“దిగండి సార్” అంది ఫిలోమినా కింద నుంచి. “టైమయింది.”

ఆయన ఒక్కొక్క మెట్టే దిగాడు. నన్ను వెనక్కి లాగారు. తలుపు పడింది. ఎవరి కోసమూ ఆగే పని లేదు కనక, విమానం నిమిషం తేడా లేకుండా కదిలింది.