కౌంట్ తగ్గిన చెరువు

"ఏమ్మా ఇందుజా, బతికున్న నా రొయ్యల్ని మీ ఫైలు చంపేసిందంట కదా!" ఫోన్లో కలిదిండి సూర్యకాంతంగారు గయ్యిమన్నారు.

ఏలూరులో నేనూ ఆరిఫ్ రెండేళ్లుగా ఒక ఫైల్ ఫార్మాట్ తయారుచేస్తున్నాం. ల్యాబు, మేత కొట్టు, రైసుమిల్లు, రొయ్యల కంపెనీ, ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్లదే అయినా ఒకరి లెక్క ఇంకొకరికి అర్థం కావాలని. దీనికోసం బంగారంలాంటి ఉద్యోగం మానేశాను. ఇది నవ్వులపాలైతే ఇక మా ఫైలు ఎవరూ ముట్టుకోరు.

జరిగిందేమిటంటే, ల్యాబు మొదట కౌంట్ వంద అని పంపింది, నిన్న నలభై అని పంపింది. చెరువుల దగ్గర కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. అది తగ్గిందంటే రొయ్య బలిసిందని రైతుకి పండగ. కంపెనీ సాఫ్ట్‌వేర్ మాత్రం వందలో అరవై చచ్చాయనుకుని, పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి తీసుకెళ్లడానికి, రావాల్సిన లారీని రద్దు చేసి కూర్చుంది.

కంపెనీవాళ్లకి ఫోన్ చేసి, బతిమాలి, లారీ మళ్లీ వేయించాను. ఫోన్లే చేసుకోవాలంటే ఇక మా ఫార్మాట్ ఎందుకు? నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ అంకెని తిరగేసి, తగ్గితే మంచిదని చదువుకోమని కంపెనీకి చెప్తే సరిపోతుంది కదా," అన్నాడు ఆరిఫ్.

"రేపు ఇంకో కంపెనీ వస్తుంది. అందరికీ చెప్పుకుంటూ తిరుగుతామా? ఇకమీదట ఏ అంకే ఒంటరిగా వెళ్లడానికి వీల్లేదు. కిలోకా, ఎకరానికా, బస్తాకి ఎన్ని కేజీలు, అన్నీ పక్కనే ఉండాలి. లేకపోతే ఫైలు తీసుకోం."

"ఇప్పుడు నడుస్తున్నవన్నీ ఆగిపోతాయి ఇందూ. తిట్టిపోస్తారు."

"తిట్టనీ."

సాయంత్రానికల్లా మార్చేశాం. మార్చామో లేదో, తాడేపల్లిగూడెం రైసుమిల్లు పంపిన ఫైలు తిరుగుటపాలో వెనక్కి పోయింది. మిల్లు పాపారావుగారు ఫోన్లో అగ్గిమీద గుగ్గిలమైపోయారు.

"రెండొందల బస్తాలని శుభ్రంగా రాశాం కదండీ! బస్తా అంటే ఎంతో కూడా తెలీదాండీ మీకు?"

పెంటపాడులో వరి రైతు ఇంట్లో పుట్టినదాన్ని, నాకే ఈ పాఠమా! "ఎందుకు తెలీదండీ? డెబ్బై అయిదు కేజీలు," అన్నాను.

పక్కనుంచి ఆరిఫ్ కూడా సరిగ్గా అప్పుడే "పాతిక" అన్నాడు. వాళ్ల నాన్నది చేపల మేత కొట్టు.

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

"మేం పంపింది తవుడండీ," అన్నారు అవతలనుంచి పాపారావుగారు, గొంతు తగ్గించి. "బస్తా యాభై కేజీలు. ఎక్కడ రాయమంటారు?"