చుక్క పెట్టాక బిగించని నట్లు

ట్రేలో, నట్టు కింద వేసే స్ప్రింగ్ వాషర్లు నాలుగు మిగిలి ఉన్నాయి. కొత్త సెట్టు విప్పినప్పుడు ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగే.

ఇంజను ఎంత గింజుకున్నా దాని బలం చక్రానికి చేరే దారి ఒకటే. క్లచ్ దాటి గేర్‌బాక్సు, అక్కణ్ణుంచి బస్సు కడుపు కింద పొడుగాటి షాఫ్టు, షాఫ్టు నుంచి వెనక ఇరుసు. ఆ షాఫ్టును రెండు కొసలా పట్టుకునేవి నాలుగేసి బోల్టులు. ముందువి బిగించడం నా చేతికి గుర్తుంది. వెనకవి వేళ్ళతో తిప్పడం గుర్తుంది. ఆ తర్వాత ఏమీ గుర్తు లేదు.

బిగించాక ప్రతి నట్టు మీదా పసుపు రంగు చుక్క పెట్టడం నా పద్ధతి. ఇరవై ఆరేళ్ళుగా అదే. పొద్దున డబ్బాలో రంగు గడ్డకడుతోందని ఎనిమిదింటికీ ముందే పెట్టేశాను. సరిగ్గా అప్పుడే డిప్లొమా చదివిన షెడ్డు సూపర్వైజరు కాగితం పట్టుకుని దిగాడు.

"పెద్దాయనా, నట్టుకో టిక్కు పెట్టండి. రూలు."

"నా చుక్కే నా సంతకం."

"చుక్కలు లెక్కపెట్టడానికి మనమేమైనా ఆరుబయట పడుకున్నామా?"

నలుగురూ నవ్వారు. ఏడో తరగతి గట్టెక్కని వాడి మీద నవ్వడానికి ఎవరికీ కూలి ఇవ్వక్కర్లేదు. నోటికొచ్చింది అనేసి బయటికెళ్ళి, ఒళ్ళు మండుతూనే తిరిగొచ్చాను. వంగి చూస్తే చుక్కలున్నాయి. బస్సు దించి తాళాలు ఇచ్చేశాను.

ఇచ్చింది ఆ బస్సు నడిపే మా బావకి, అంటే అక్క మొగుడికి. వెళ్ళేది కొండ మీదుగా. దిగేటప్పుడు రెండో గేరులో ఇంజనే బస్సును వెనక్కి పట్టి ఉంచాలి. షాఫ్టు ఊడితే ఆ పట్టు పోతుంది. నలభై మంది బరువు ఒక్క బ్రేకుల మీద పడుతుంది.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. స్టీరింగు పట్టుకుంటే ఫోన్ ముట్టొద్దని తిట్టి తిట్టి మాన్పించింది నేనే.

పానా, వాషర్లు, పొద్దున తీసేసిన పాత బోల్టులు, నట్లు జేబులో కుక్కుకుని స్కూటరెక్కాను. ఊడిన షాఫ్టు ఈడ్చుకుపోయి తారు మీద గీత పడిందేమోనని ప్రతి మలుపులో చూశాను. ఒకచోట పొడుగాటి గీత కనిపించింది. ఆగి వేలితో తడిమితే పాతది. అందులో దుమ్ము పేరుకుని ఉంది. అయినా స్కూటరు జోరు తగ్గించలేదు.

కొండ నెత్తి మీద, దిగుడు మొదలయ్యే చోట, బస్సు ఆగి ఉంది. జనం ఒళ్ళు విరుచుకుంటున్నారు. బావ చేతులు తుడుచుకుంటున్నాడు.

"గేరు మార్చినప్పుడల్లా కింద ఎవరో తలుపు కొట్టినట్టుందిరా. పైపైన వంగి చూశా. నీ చుక్కలున్నాయి. సరే, సాయంత్రం చూపిద్దాంలే అని ఎక్కబోతున్నా. నువ్వేంటి, పీనుగులా అయిపోయావ్?"

పానా తీసి బస్సు కిందికి దూరాను. సైలెన్సరుకి మోచెయ్యి కాలింది. రెండు నట్లు వేళ్ళకే తిరిగాయి. మూడోది చివరి మరలో వేలాడుతోంది. నాలుగోది బోల్టుతో సహా లేదు.

వాషర్లు వేసి, పాత బోల్టు ఎక్కించి, పానా మీద ఒళ్ళంతా వేసి బిగించాను. బావ తల వంచి చూస్తున్నాడు.

"వదులయ్యాయా?"

గతుకుల రోడ్డు అనేస్తే అయిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"వదులవడం కాదు బావా. నేను బిగించనే లేదు."

"మరి చుక్క?"

"ముందే పెట్టేశా."

ఒక చిన్నపిల్ల బస్సు మెట్టు మీద కూర్చుని చెప్పు విప్పి దులుపుకుంటోంది. బావ ఆ పిల్లనే చూస్తున్నాడు.

"ఇప్పుడు ఎన్నిసార్లు బిగించావ్?"

"మూడుసార్లు."

"అయితే ఎక్కు. స్కూటరు ఇక్కడే ఉండనీ."

"నేనెందుకు?"

"నలభై మంది ఎక్కుతున్నారుగా. నువ్వు ఎక్కలేవా?"

ఎక్కాను. డ్రైవరు పక్కన ఇంజను మూత మీద కూర్చోబెట్టాడు. రెండో గేరు వేసి యాక్సిలరేటరు మీంచి కాలు తీశాడు. కింద ఇంజను గుర్రుమని మూలుగుతూ బస్సును వెనక్కి పట్టింది. నేను అరికాళ్ళతో వింటున్నాను. మొదటి మలుపు దాటింది. రెండోది దాటింది. బావ నా వైపు చూడలేదు.

వెనక సీట్లోంచి ముసలామె వంగి అడిగింది. "దిగడానికి ఇంకెంతసేపు నాయనా?"

బావ చెబుతాడనుకున్నాను. అతను రోడ్డునే చూస్తున్నాడు.

"ఇంకా పదకొండు మలుపులమ్మా" అన్నాను.