ఫ్లోరెన్స్ అమ్మగారు ఎత్తిన పాట

మా ఆయన దేవదానానికి టేపురికార్డరంటే నా కంటే ముద్దు. హార్బరులో ఉద్యోగం కదా, ఎనభై ఒకటిలో ఓడ దిగిన వాడెవడి దగ్గరో కొన్నారు. దానికి కుట్టించిన గుడ్డ తొడుగు నా పెళ్ళి చీర కంటే నయంగా ఉండేది. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు, నన్ను అసలే కాదు.

అలాంటి మనిషి ప్రతి ఆదివారం దాన్ని చర్చికి మోసుకెళ్ళేవారంటే అది ఫ్లోరెన్స్ అమ్మగారి కోసమే. ఆవిడ రిటైరైన నర్సమ్మ. పెళ్ళి చేసుకోలేదు. మద్దిలపాలెంలో చిన్న పోర్షన్‌లో ఒక్కరే ఉండేవారు. మా చర్చిలో పాట ఎత్తేది ఆవిడే. పాటల పుస్తకాలు అందరి దగ్గరా ఉండవు, ఉన్నా సగం మందికి చదువు రాదు. అందుకని ఆవిడ ఒక పాదం పాడి ఆగితే, మేమంతా అదే పాదం తిరిగి పాడాలి. మేము సాగదీసి సాగదీసి ముగించేదాకా ఆవిడ చేతులు కట్టుకుని కాచుకుని, అప్పుడు రెండో పాదం ఎత్తేవారు. బావి గట్టు దగ్గర జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాక ఆవిడ చర్చికి రావడం ఆగిపోయింది.

మా ఆయన ఆరాధనంతా రికార్డు చేసి, ఆ సాయంత్రమే తీసుకెళ్ళి వినిపించేవారు. మొదట్లో ఆవిడ మురిసిపోయారు. తర్వాత తర్వాత ముఖం గోడకి తిప్పుకుని వినడం మొదలెట్టారు. ఒకరోజు నేనూ వెళ్ళాను. టేపు సగంలో ఉండగానే ఆవిడ చెయ్యెత్తారు.

"ఆపేయ్‌రా. ఇంక తేకు."

"ఏటమ్మగారూ, సరిగ్గా ఇనపడతం లేదా?" అన్నారు మా ఆయన.

"బాగానే ఇనపడతంది. మీరందరూ పాడతన్నారు, నాను మంచం మీద ఇంటన్నాను. నాను సచ్చిపోయినాక మీరెలా పాడతారో ఇప్పుడే ఇనేసినట్టుంది."

ఈయన మాత్రం, "పోనీ మైకు ఇంకాస్త దగ్గరెడతానండి" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి ఏడుస్తుంటే మైకు గొడవ!

ఆవిడ ఆ పెట్టె వంక చూశారు. తర్వాత నెమ్మదిగా అడిగారు. "ఒరే, ఇందులోకి నాను పాడాలంటే ఏది నొక్కాల?"

ఈయన చూపించారు. ఎర్ర బొత్తాం, దాని పక్కది, రెండూ కలిపి. పెట్టెను అక్కడే వదిలి వచ్చేటప్పుడు ఆయన మొహం చూడాలి, కన్నకూతుర్ని అత్తారింట్లో దింపి వచ్చినట్టుంది.

శనివారం వెళ్ళి తెచ్చారు. "రేపు సర్చిలో ఎయ్యమన్నారే," అంటూ వంటింటి గడప దగ్గర పెట్టి మీట నొక్కారు. నేను చేపలు తోముతున్నాను. ఫ్లోరెన్స్ అమ్మగారి గొంతు వచ్చింది. కాస్త వణికినా శ్రుతి తప్పలేదు. ఒక పాదం పాడారు. ఆగిపోయారు. కాకి అరుపు, రోడ్డు మీద బస్సు హారను తప్ప ఇంకేమీ లేదు. చాలాసేపటికి రెండో పాదం. మళ్ళీ ఏమీ లేదు.

మా ఆయన టేపు ఆపేశారు. కళ్ళలో నీళ్ళు. "మరిసిపోతన్నారే పాపం. పాదం పాదానికీ ఎతుక్కుంటన్నారు. ఇది అందరి ముందూ ఎయ్యను, ఆవిడ పరువు పోద్ది. టేపు పాడైపోయిందని సెప్పేత్తాను."

నిజమే అనిపించింది. కానీ అలా చెబితే ఆవిడ ఇక నోరు విప్పరు. ఆ మంచం, ఆ గోడ, అంతే. "ఇంకోసారి ఎయ్యండి," అన్నాను.

మొదటి పాదం వచ్చింది. ఆగింది. చేతి నిండా పొలుసు, నా నోరు మాత్రం దానంతటదే కదిలింది. ఇన్నేళ్ళ అలవాటు కదా. ఆ పాదాన్నే అందుకుని, చర్చిలో లాగే సాగదీసి పాడాను. నేను ముగించానో లేదో, టేపులో ఆవిడ రెండో పాదం ఎత్తారు.

ఈయన నా వంక చూశారు. ఈసారి ఇద్దరం పాడాం. ముగించగానే ఆవిడ మూడోది ఎత్తారు.

"మరిసిపోలేదండీ," అన్నాను. నాకూ ఏడుపొచ్చేసింది. "మన కోసం కాసుక్కూసున్నారు."

ఆదివారం ఆవిడ కూర్చునే బెంచీ మీదే ఆ పెట్టెను పెట్టారు, తొడుగు తీసేసి. ఇదంతా రికార్డు చెయ్యడానికి మా చర్చిలోనే ఉండే రత్నరాజు గారి టేపురికార్డరు అడిగి తెచ్చి పక్కనే పెట్టారు. మొదటి పాదం వినగానే జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతలో వెనక వరసలో ఎవరో అందుకున్నారు, ఆ వెంటనే అందరూ. మూడో చరణానికి మామూలుగానే మేం నీరుగారిపోయాం. అప్పుడు టేపులోంచి ఆవిడ గొంతు గద్దించింది. "ఏటా సాగదీత? గొంతెత్తండి!"

చర్చి చర్చంతా గొల్లున నవ్వింది. పాస్టరుగారు కూడా నవ్వాపుకోలేకపోయారు.

ఆ సాయంత్రం ఇద్దరం వెళ్ళి ఆవిడకి అది వినిపించాం. ఆవిడ పాదం, మా పాదం. ఆవిడ గద్దింపు, మా నవ్వు. గోడ వైపున్న మనిషి ఇటు తిరిగారు. "అంతమందీ నవ్వేరా?" అని రెండుసార్లు అడిగారు. టేపు అయిపోయాక కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మా ఆయన మీద విరుచుకుపడ్డారు.

"ఆ ఎనక వరస ఇంకా ఎనకబడతంది, సూసేవా? వొచ్చే వారం గట్టి పాట ఎత్తాల. పెట్టె ఇక్కడే ఉంచెల్లు."

ఈయన ఉంచేశారు. తొడుగు కూడా.