చెరుకు ట్రాలీ మీద తెరచాప పడవలు

క్రీడాధికారులారా, పిల్లోళ్లకు రెండు తెరచాప పడవలిచ్చి ఫోటోలు దిగినారే, వాటిని పోటీకి మోసుకుపోయే బండి ఎవురియ్యాల?

మిమ్మల్ని అడిగి అడిగి విసిగి, వడమాలపేట సుకుమార్ తన చెరుకు ట్రాలీ మీద ఇనుప పైపులతో రెండంతస్తుల స్టాండు వెల్డింగు చేసినాడు. పడవల్ని బోర్లించి ఎక్కించి, చెరుకు లోడుకు మాదిరే మోకులో కట్టె దూర్చి మెలిపెట్టి బిగించినాడు.

"నాయనా, నిదానం! అది చెరుకు కాదు!" అని కూతురు లోహిత అరిసింది.

"దావలో జారితే నువ్వు పట్టుకుంటావా మే?" అని ఇంకో సుట్టు తిప్పినాడు. ఫటేల్మని పై పడవ అడుగు పగిలింది.

అది లోహిత స్నేహితురాలు మోహన పడవ. సూళ్లూరుపేట కాడ సరస్సులో పోటీకి లోహిత ఒక్కతే పోయింది. మోహన ఇంట్లో ఉండిపోయింది.

వచ్చే ఆదివారం రెండో పోటీ ఉండాది. మోహన పడవ బాగు చేయించండి. పడవలు మోసే బండి ఇప్పుడే పంపండి.