సూది దాచిన చెయ్యి

మేడ్చల్ బస్టాండు దాటాక హైవే పక్కన ఉన్న ఇరవై పడకల ఆస్పత్రిలో హెడ్ నర్సు దుర్గాబాయికి ఒక విద్యలో మంచి పేరుండేది. సూది దాచడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఎడమ చేత్తో పిల్లవాడి బుగ్గ పుణుకుతూ, "సూది లేదు, ఏం లేదు బిడ్డా, ఊకెనే సూస్తున్న" అంటూనే కుడిచేతిని వీపు వెనకనుంచి తెచ్చి పని కానిచ్చేసేది. పిల్లవాడు కెవ్వుమనేసరికి దూది కూడా అద్దేసేది. తల్లులు మెచ్చుకోలుగా నవ్వేవారు. మీరూ నేనూ కూడా చిన్నప్పుడు ఇలాంటి అబద్ధం విని, కాసేపు ఏడ్చి, చాక్లెట్ చేతిలో పడగానే మర్చిపోయినవాళ్లమే. అందుకే దీన్ని ఎవరూ తప్పనుకోరు. ఇరవై రెండేళ్ల సర్వీసులో దుర్గాబాయి కూడా అనుకోలేదు.

2003 జూలై పద్నాలుగు, సోమవారం పొద్దున గండిమైసమ్మ దగ్గరి ఊరి నుంచి మల్లేశం తన జీపులో భార్య మనోరమనూ కొడుకు ప్రవీణ్‌నూ తీసుకొచ్చాడు. మల్లేశం భూములున్న ఆసామి, ఈమధ్యే ప్లాట్ల వ్యాపారంలోకి కూడా దిగాడు. ప్రవీణ్‌కు ఇరవై రెండేళ్లు. తండ్రికన్నా జానెడు పొడుగు, మాటలు మాత్రం రోజుకు పది దాటవు. చిన్నప్పుడు పట్నంలో ఒక డాక్టరు ఆటిజం అన్నాడు. ఆ మాట అయితే ఇంటికి వచ్చింది కానీ, దానితో ఏం చేయాలో చెప్పినవాళ్లు లేరు. పొద్దున లేవగానే గోడ క్యాలెండర్లో నిన్నటి తేదీ మీద గీత కొట్టందే ప్రవీణ్ చాయ్ ముట్టడు. అది తప్ప ఎవరి జోలికీ పోడు.

ఆ పొద్దున వీధికుక్క అతని పిక్క మీద పన్ను గీరి పోయింది. రక్తం రాలేదు. కానీ ఆ కుక్క అప్పటికే రెండు దూడలను కరిచింది, నోట నురగలు కక్కుతోంది. డాక్టర్ కృష్ణారావు చూసి, టీకా ఐదుసార్లు వేయాలన్నాడు. మొదటిది ఇవాళ, రెండోది గురువారం, ఆ తర్వాత ఇంకో మూడు. ఒక్కటి కూడా తప్పకూడదు, పిచ్చికుక్క రోగం వచ్చాక మందు లేదన్నాడు.

దుర్గాబాయి టీకా నింపిన సిరంజిని వీపు వెనక పెట్టుకుంది. మనోరమ చెవిలో, "నువ్వు గూడ ఏం లేదను, నీ మాటయితే ఇంటడు" అంది.

"ఏం లేదు కొడుకా, సిస్టర్ సెయ్యి సూస్తదట" అంది మనోరమ.

ప్రవీణ్ తల్లి ముఖం చూశాడు. తర్వాత తనంతట తానే చొక్కా చెయ్యి పైకి లాగి భుజం చాపాడు.

సూది దిగగానే అతను వేసిన కేకకు బయట బెంచీ మీద ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. స్టీలు ట్రే ఎగిరిపడింది. అడ్డం వచ్చిన కాంపౌండర్ లింగస్వామికి పెదవి చిట్లింది. నలుగురు మగవాళ్లు ప్రవీణ్‌ను నేలమీద అదిమిపట్టి అరగంట పెనుగులాడితే తప్ప మిగతా సగం మందు ఎక్కలేదు. పెదవి తుడుచుకుంటూ లింగస్వామి ఓపీ చీటీ మీద ఎర్రసిరాతో "మెంటల్ కేసు, పట్టుకోవాలి" అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు. దుర్గాబాయి చూసింది. అప్పటికి ఆమెకూ అదే నిజమనిపించింది.

మర్నాడు ఆమె శామీర్‌పేటలో ట్రైనింగుకు పోవాల్సి ఉంది. ఎదుగుదల తీరు వేరుగా ఉన్న పిల్లల తల్లిదండ్రులు కొందరు కలిసి, చుట్టుపక్కల ఆస్పత్రుల నర్సులకూ ఆయాలకూ రెండు రోజుల శిక్షణ పెట్టారు. ట్రైనింగులంటే మనవాళ్లకు ఒక పద్ధతి ఉంది కదా. పొద్దున రిజిస్టర్లో సంతకం, పదకొండింటికి సమోసా, భోజనం కాగానే ఒకరి వెనక ఒకరు మాయం. దుర్గాబాయి కూడా మధ్యాహ్నం జాకెట్టు గుడ్డలు కొనుక్కునే ఆలోచనతోనే వెళ్లింది.

పాఠం చెప్పడానికి వచ్చినావిడ పేరు లలితకుమారి. కాకినాడ వైపు మనిషి. భర్త బ్యాంకు ఉద్యోగం వల్ల వచ్చి యాప్రాల్‌లో స్థిరపడ్డారు. పక్కన ఆమె కూతురు లిఖిత, పదిహేడేళ్ల పిల్ల, చెవులకు మఫ్లర్ చుట్టుకుని రంగుపూసలు గుచ్చుకుంటూ కూర్చుంది.

"చేతిలో సూది పెట్టుకుని సూది లేదని చెప్పినవాళ్లు ఎంతమందండీ? మొహమాటపడకండి" అంది లలితకుమారి.

హాలంతా నవ్వింది. చేతులన్నీ లేచాయి. అందరికన్నా ముందు లేచింది దుర్గాబాయి చెయ్యే. లలితకుమారి తన చెయ్యి కూడా ఎత్తింది.

"నేనూ చెప్పానండీ. మా లిఖితకి ఆరేళ్లప్పుడు, ఏం చెయ్యరమ్మా అని పట్టుకెళ్లాను. తర్వాత పదకొండు నెలలు అది నా చెయ్యి పట్టుకోలేదు. రోడ్డు దాటేటప్పుడు కూడా."

దుర్గాబాయికి ఎందుకో చాపిన ఒక భుజం గుర్తొచ్చింది. ఆ గుర్తు నచ్చక కొంచెం కోపంగానే లేచింది.

"మీరు జెప్పేది మంచిగనే ఉంది మేడం. మాకు పొద్దుకు నలభై మంది పేషెంట్లుంటరు. ఒక్కని కాడ గంట కూసుంటే మిగిలినోళ్లను ఎవరు సూడాలె?"

"మంచి ప్రశ్న అడిగారు. కూర్చోకుండా పట్టుకుని వేస్తే ఎంతసేపు పడుతుందండీ?"

"నిన్న ఒకనికి అరగంట వట్టింది."

"ఎంతమంది పట్టుకున్నారు?"

"నలుగురు."

"నలుగురు అరగంట చొప్పున అంటే రెండు గంటల పని పోయినట్టే కదండీ. మళ్లీసారి అతను అసలు గుమ్మమే ఎక్కడు. అది ఏ లెక్కలో వేద్దాం?"

లలితకుమారి ఆమెను ముందుకు పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది. "కళ్లు మూసుకోండి. ఏం చెయ్యను" అంది. దుర్గాబాయి మూసుకుంది. మెడమీద చల్లగా ఏదో తగిలింది. కుర్చీతో సహా ఎగిరిపడినంత పనైంది.

"తడి దూదేనండీ, కంగారు పడకండి. మళ్లీ మూసుకోండి. ఈసారి నిజంగానే ఏం చెయ్యను."

దుర్గాబాయి రెప్పలు వాల్చబోయింది. వాలలేదు. ఎదురుగా నిలబడ్డది తనలాంటి ఆడమనిషి, చేతిలో ఉన్నది తడి దూది. అయినా వాలలేదు. ఒక్కసారి మోసపోతేనే యాభై ఏళ్లకు దగ్గరపడిన నా రెప్పలు నా మాట వినకపోతే, ఆ పిల్లగాడి సంగతేంటి అనుకుంది. ఆమెకు సిగ్గుగా అనిపించింది.

"మనం ముఖంతో ఒకటి, మాటతో ఒకటి చెబుతుంటాం. మామూలు పిల్లలు ఆ రెండూ కలుపుకుని సర్దుకుపోతారు" అంది లలితకుమారి. "మా పిల్లల్లో చాలామంది మన మాటనే నమ్ముకుంటారు. ఏం చేస్తారో, ఎంతసేపు చేస్తారో, ఎప్పుడు అయిపోతుందో ముందే చెప్పండి. చెప్పినట్టే చెయ్యండి. అందరూ ఒక్కలా ఉండరు కాబట్టి, ఎవరికి ఎలా చెబితే అర్థమవుతుందో ఇంట్లోవాళ్లని అడగండి."

ఆ రెండు రోజులూ దుర్గాబాయి సాయంత్రం దాకా కదల్లేదు.

బుధవారం శిక్షణ ముగిశాక రాత్రి ఆస్పత్రికి వచ్చేసరికి మల్లేశం ఫోను. "రేపు రాము సిస్టర్. అర్రలకెళ్లి బయటికే వస్తలేడు. మస్తు పరేషాన్ జేస్తుండు. ఒకటి వడ్డది గద, అది సాలదా?"

"సాలదు సార్. పానం పోతది" అంది దుర్గాబాయి.

డాక్టర్ కృష్ణారావు చెడ్డవాడేం కాదు. తాళ్లతో కట్టి తెమ్మందామా, మత్తు ఇద్దామా అని అడిగాడు. తనకు ఒక్క రోజు ఇమ్మంది దుర్గాబాయి.

గురువారం పొద్దున ఆమె తెల్ల యూనిఫాం విప్పేసి మామూలు నేతచీర కట్టుకుంది. టీకాను ఐసు డబ్బాలో పెట్టుకుని ఆటో ఎక్కింది. గుమ్మంలోనే మనోరమ ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "మూడొద్దులాయె అక్కా, నా శేతి బువ్వ తింటలేడు. నేను గూడ ఏం లేదన్న గద. నా మొకమే సూస్తలేడు."

ప్రవీణ్ తన గదిలో గోడకు ఆనుకుని ఉన్నాడు. సూది పడిన భుజానికి తువ్వాలు చుట్టి గట్టిగా ముడివేసుకున్నాడు. దుర్గాబాయి లోపలికి పోకుండా గడప బయటే నేలమీద కూర్చుంది. అతను క్యాలెండర్ మాట బాగా వింటాడని మనోరమను అడిగి తెలుసుకుంది కాబట్టి, దాన్ని తెప్పించి ముందు పరిచింది. సిరంజిని తీసి దాని పక్కన అందరికీ కనపడేలా పెట్టింది.

"ప్రవీణ్, సోమవారం నాడు సూది ఉండె. నేను లేదన్న. అబద్ధం జెప్పిన. తప్పు నాది." ఆమె ఎర్రపెన్నుతో సున్నాలు చుట్టింది. "ఇయ్యాల ఒకటి. ఇరవై ఒకటిన ఒకటి. ఇరవై ఎనిమిదిన ఒకటి. ఆగస్టు పదకొండున ఒకటి. ఇగ అయిపోతది. నొప్పి ఉంటది. ఐదు లెక్కవెట్టేదాక ఉంటది."

ప్రవీణ్ గోడవైపు తిరిగిపోయాడు.

"పట్టుకుంటే రెండు నిమిషాల పని గద సిస్టర్! పనోళ్లను విలుస్త" అన్నాడు మల్లేశం. కొడుకు ఏమైపోతాడోనన్న భయం అతనిది.

"సోమవారం గూడ అట్లనే అనుకున్నం సార్. పొద్దుమూకేదాక టైముంది." ఆమె గదివైపు తిరిగింది. "ఇప్పుడు వద్దంటే పోత బిడ్డా. ఐదు గంటలకు మళ్లొస్త. సూది వట్టుకునే వస్త."

క్యాలెండర్‌ను గడప మీదే వదిలి, టీకాను తిరిగి ఐసులో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ పగలంతా డ్యూటీలో ఆమె మనసు మనసులో లేదు. ఈ ఒక్కటి తప్పితే ఆ పిల్లగాడి చావుకు తన నాలుకే కారణమవుతుంది. లింగస్వామికి వార్డు అప్పగించి నాలుగింటికే బయలుదేరింది. ఐదుకు పది నిమిషాలుండగానే చేరింది కానీ లోపలికి పోలేదు. ఐదన్న మాట ఐదే కావాలని గేటు దగ్గర నిలబడింది. కిటికీలోనుంచి ప్రవీణ్ ఒకసారి గోడ గడియారాన్నీ ఒకసారి ఆమెనూ చూడటం ఆమెకు కనిపిస్తూనే ఉంది.

గడియారం ఐదు కొట్టాక లోపలికి వెళ్లింది. ప్రవీణ్ గడపదాకా వచ్చి ఆగాడు.

"ఉంది?" అన్నాడు.

మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లో అతని నోట వచ్చిన మొదటి మాట అది.

"ఉంది బిడ్డా. సూడు." ఆమె రెండు చేతులూ ముందుకు చాపి చూపించింది.

చాలాసేపు చూశాడు. తర్వాత తువ్వాలు ముడి తనే విప్పుకుని కింద కూర్చున్నాడు. "ఒకటి" అని తనే మొదలుపెట్టాడు. సూది దిగింది. ముఖమంతా ముడుచుకుపోయింది కానీ చెయ్యి కదల్లేదు. మూడనేసరికి సూది బయటికొచ్చింది. అతను ఐదనేదాకా దుర్గాబాయి దూది అద్దిపట్టే ఉంది.

"అయిపోయింది" అంది.

"అయిపోయింది" అన్నాడు. ఎర్రపెన్ను తీసుకుని పదిహేడు మీద గీత కొట్టాడు.

మనోరమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వు గూడ నిజం జెప్పమ్మా" అంది దుర్గాబాయి. మనోరమ కొడుకు పక్కన కూలబడి, "సూది ఉండె కొడుకా. నేను లేదన్న. ఇగ ఎన్నడనను" అంది. ప్రవీణ్ ఆమె వైపు చూడలేదు. కానీ కాసేపటికి ఆమె పళ్లెం తెచ్చి ముందు పెడితే చెయ్యి కడుక్కుని వచ్చి తిన్నాడు. మల్లేశం వాకిట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

ఆ తర్వాతి రెండూ ఇంటి దగ్గరే అయ్యాయి. ఆగస్టు పదకొండున ప్రవీణ్ జీపు దిగి తన కాళ్లతో తానే ఆస్పత్రి మెట్లెక్కాడు. లింగస్వామి రెండడుగులు వెనక్కి వేశాడు. ప్రవీణ్ బెంచీ మీద కూర్చుని చొక్కా చెయ్యి పైకి లాగి లెక్క మొదలుపెట్టాడు. పట్టుకునేవాళ్లతో పని లేకపోయింది. అంతా కలిపి మూడు నిమిషాలు పట్టలేదు.

దుర్గాబాయి పాత ఓపీ చీటీ తెప్పించింది. ఎర్రసిరా మాటలను కొట్టేసి, కింద తన దస్తూరీతో రాసింది: "ముందు చెప్పండి. సూది చూపించండి. ఐదు లెక్కపెడతాడు."

అది చదివిన డాక్టర్ కృష్ణారావు ఆ సాయంత్రమే ఆయాలతో సహా అందరినీ కూర్చోబెట్టి, నువ్వే చెప్పమన్నాడు. దుర్గాబాయికి ఉపన్యాసాలు రావు. లేచి నిలబడి ఉన్న నాలుగు ముక్కలూ చెప్పింది.

"ఇరవై రెండేండ్లు నా చెయ్యి మంచిదనుకున్న. సూది దాచే చెయ్యి మంచిదెట్లయితది? మన దగ్గరికొచ్చేటోనికి మాటలు తక్కువుండొచ్చు, తెలివి తక్కువుండొచ్చు. గని వాడు మన మాటను నమ్మి చెయ్యి చాపుతడు. ఆ నమ్మకాన్ని దెబ్బగొట్టి ఇచ్చిన మందు సగం మందే. అందుకే ముందు నిజం జెప్పుండ్రి, ఆ తర్వాతనే సూది వట్టుండ్రి."