మనుషులు మేయరు

ఎర్రంగీ, మెడలో పెద్ద గొలుసు, ముందు వెండి దండం పట్టుకున్న బంట్రోతు. మేయరుగా పాండీశ్వరి సభలోకి నడిచి వస్తున్న దృశ్యం ఫోనులో చూస్తూ ఉంటే, రామక్కాళ్ కళ్ళు ఆ పిల్ల మీద నిలవలేదు. వెనక పట్టుచీరలో మురిసిపోతున్న చెల్లెలు నాగమ్మాళ్ మీదే నిలిచాయి.

పాండీశ్వరిని కన్నది నాగమ్మాళే. కాని పసిగుడ్డును అక్క ఒళ్ళో పెట్టి, మొగుడితో అవినాశికి బనియన్ కంపెనీ పనికి వెళ్ళిపోయింది. పాలు పట్టింది, జడ వేసింది, అక్షరాలు దిద్దించింది రామక్కాళ్. ఊళ్ళో ఉన్నది తమిళ బడి, తెలుగు చెప్పే బడి లేదు. పాత పంచాంగాలు ముందేసుకుని తనంతట తాను నేర్చుకున్న అక్షరాలను గొడ్లచావిడి గోడ మీద బొగ్గుతో రాసి చూపించేది. పిల్ల చదవడం మొదలుపెట్టాక నాగమ్మాళ్ వచ్చి, "మా బిడ్డను పిలుచుకోని పోతామక్కా" అంది. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపిన ఆ పిల్లను రామక్కాళ్ ఇప్పటికీ ఊళ్ళోకి వచ్చే ప్రతి బస్సులోనూ వెతుకుతుంది.

పదవి వచ్చిన కొన్నాళ్ళకు నాగమ్మాళ్ ఫోను చేసింది. "మా వీధికి దినమూ నీళ్ళు వస్తా ఉండాయి అక్కా. మేయరిల్లు కదా!"

రామక్కాళ్ ఊరూ అదే నగరంలో కలిసింది గాని, కొళాయిలోకి వారానికొకసారి వచ్చేది సన్నటి ధార. పాలు పోసి పెంచింది తనైతే, నీళ్ళు దానికా!

సోమవారం మేయరు జనాన్ని కలిసే రోజు. రామక్కాళ్ బయలుదేరింది. నీళ్ళు సాకు మాత్రమే. అంతమంది ముందు ఆ పిల్ల తనను పెద్దమ్మా అంటుందా, అనదా? అదీ తేలాలి.

పెద్ద బల్ల వెనక పాండీశ్వరి, పక్కన కమిషనర్. గోడవారన అన్నం క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని నాగమ్మాళ్, ఇల్లు తనదన్నట్టు కూర్చుంది.

"వణక్కం, మేయరమ్మా" అంది రామక్కాళ్, కావాలనే తమిళంలో.

పాండీశ్వరి తలెత్తి చూసింది. "సొల్లుంగమ్మా" అంది, చెప్పండమ్మా అని, అప్పటిదాకా వచ్చినవాళ్ళందరితో అన్నట్టే.

రామక్కాళ్‌కు ఇంక తమిళం నోట రాలేదు. "మీ అమ్మ వీధికి దినమూ నీళ్ళు, మాకు వారానికొక చెంబా? ఇదేం న్యాయమే?"

"దినమూనా? ఎవురు చెప్పిరి?" పాండీశ్వరి కూడా తెలుగులోకి వచ్చేసింది. "నిన్న మేమూ లారీ నీళ్ళే పోయించుకొంటిమి."

గోడవారన నాగమ్మాళ్ క్యారియర్ మూత బిగించుకుంటూ తల దించుకుంది.

"అయితే నీవు చేయించరాదా? మేయరు కదా!"

"నేను సభలో కూట్టం నడిపేదాన్ని. మీ వీధి సంగతి తీర్మానంలో పెడతాను, ఓటు వేయిస్తాను. ఆపైన పైపు వేయించేది కమిషనర్ సారు. కొళాయి నా చేతిలో లేదు."

"మరి ఆ గొలుసు దేనికే?"

"అందరూ అరిచేటప్పుడు నేను యాడుండానో తెలిసేదానికి."

అని నవ్వి, బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించింది. "గొడ్లు మేయును..." అని ఆగింది, చిన్నప్పుడు ఆగినట్టే.

"మనుషులు మేయరు" అంది రామక్కాళ్. బొగ్గుతో గోడ మీద తాను రాసిన వాక్యం అది. ఆ చివరి మాటే పిల్ల ఒంటరిగా కూడబలుక్కుని చదివిన మొదటి మాట.

"ఈ కుర్చీలో కూర్చునేటప్పుడంతా అదే తలుచుకొంటా పెద్దమ్మా. నేను మేయను."

"ఎన్న మేడం?" అన్నాడు కమిషనర్, ఏమిటో అర్థం కాక.

"ఒణ్ణుమిల్ల సార్" అంది పాండీశ్వరి, ఏమీ లేదన్నట్టు. తనూ రామక్కాళూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

బయట మెట్ల దగ్గర నాగమ్మాళ్ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. తెలుగక్షరం తెలియని మనిషి; ఆ గొడ్లచావిడి గోడ కేసి ఏనాడూ చూసింది కాదు. "ఏమక్కా, ఏమని చెప్పె అది? దేనికట్ల నవ్వితిరి? ఇంట్లో నాతో అట్ల నవ్వనే నవ్వదు."

ఆ ముఖాన్ని రామక్కాళ్ గుర్తుపట్టింది. ఫోనులో ఆ ఎర్రంగీ చూసినప్పటి నుంచి అద్దంలో తనకు కనబడుతున్న ముఖమే అది. చెబితే చెప్పవచ్చు.

"నీళ్ళ సంగతేనే" అంది.

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు దాకా వెంట వచ్చి, కింద క్యారియర్ పట్టుకుని నిలబడిపోయిన చెల్లెలికి, ఈసారి తనే చెయ్యి ఊపింది.