పిన్నీసుకు వేలాడిన నికెల్

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు నా మీద ఆక్సిజన్ రెట్టింపు పుట్టింది. ఎందుకో నాకు తెలియదు.

నేను ఒక నికెల్ ముక్కను. తపాలా బిళ్ళంత ఉంటాను. ఒళ్ళంతా స్పాంజిలా రంధ్రాలు. వరంగల్‌లోని ఒక ప్రయోగశాలలో హైమ అనే పరిశోధకురాలు నన్ను రేకు నుంచి కత్తిరించింది. క్షారం కలిపిన నీళ్ళలో నన్ను ముంచి కరెంటు ఇస్తే నీరు విడిపోతుంది. ఆక్సిజన్ బుడగలు నా మీద లేస్తాయి. నా రంధ్రాల్లో ఇంకా సన్న రంధ్రాలు చేస్తే బుడగలు పెరుగుతాయన్నది హైమ థీసిస్. నాలుగేళ్ళుగా ముక్కలను యాసిడ్‌లో నానబెడుతోంది. బుడగలు పెరగలేదు.

ఆ ఉదయం నన్ను పట్టుకునే ప్లాటినం క్లిప్పు విరిగింది. గైడ్ లింగమూర్తి సార్ వచ్చే వేళ. హైమ తన చేతి గాజుకున్న పిన్నీసు తీసి, నన్ను దానికి గుచ్చి, రెండింటినీ ముంచింది. సార్ వచ్చి, టీ తాగి లేచేసరికి బుడగలు పట్టే గొట్టంలో ఆక్సిజన్ రెట్టింపు చేరింది.

"నేను చెప్పలే? అంతా రంధ్రాలల్లనే ఉన్నది! ఇగ థీసిస్ ఇచ్చెయ్యి" అన్నారు సార్. పక్క బల్ల దగ్గర పనిచేసే యాకూబ్ స్వీట్లు తెప్పించాడు. నేనూ నమ్మాను.

గురువారం కొత్త క్లిప్పు వచ్చింది. నాతోపాటు యాసిడ్‌లో నానిన ముక్కను హైమ దానితో ముంచింది. పెరగలేదు. అదే క్లిప్పుతో నన్ను ముంచింది. రెట్టింపు. ఇద్దరిదీ ఒకటే రేకు, ఒకటే యాసిడ్. సూక్ష్మదర్శినిలో తేడా కనబడలేదు. హైమ నన్ను తిప్పి తిప్పి చూసింది. చూపడానికి నా దగ్గర ఏమీ లేదు.

"అక్కా, చెప్పు తెగింది. గాజుకు పిన్నీసు ఉన్నదా?" అన్నాడు యాకూబ్.

హైమ సొరుగులోంచి మంగళవారం నాటి పిన్నీసు తీసింది. ఇవ్వలేదు. నీళ్ళలో మునిగినంత మేర పూత పోయి ఉంది. లోపలి ఇనుము తుప్పు పట్టింది.

"రంధ్రాలు కావు యాకూబ్. దీని ఇనుము కరిగి నికెల్‌కు అంటినట్టున్నది. బుడగలు పెంచింది గదేనేమో."

"సార్‌కు చెప్తవా? నాలుగేండ్ల కష్టం పోతది అక్కా."

"ముందుగాల నిజమో కాదో చూడనియ్యి. నువ్వు చెప్పు కుట్టించుకో పో."

నాలో నికెల్ ఎంతో, పిన్నీసు ఎంతో నాకు తెలియదు. రెట్టింపు బుడగలు ఎవరివో కూడా తెలియదు.

హైమ యాసిడ్ తగలని మామూలు ముక్కను తీసుకుంది. అదే పిన్నీసుకు గుచ్చి, ముంచింది. సాయంత్రానికి దాని మీదా ఆక్సిజన్ రెట్టింపు వచ్చింది.

హైమ పిన్నీసును కడిగి తుడిచింది. లింగమూర్తి సార్ గదికి వెళ్ళి తలుపు తట్టింది. పిన్నీసు ఆమె చేతిలో ఉంది.